గొంగడి మీద బిగించిన పట్టీ

మా మనవరాలికి కారు సీటు కొనాలన్న మాట పానగల్ గుడి నుంచి తిరిగి వస్తున్న రోజు వచ్చింది. అప్పటికి పాపకు ఏడాది నిండి మూడు నెలలు. కొత్తగా చూసినవాళ్లు ఏడో నెలా, ఎనిమిదో నెలా అని అడిగేవారు. నెలలు నిండకుండానే పుట్టి, దవాఖానలో అద్దాల పెట్టెలో కొన్ని వారాలు ఉండి మా చేతికి వచ్చిన పిల్ల. నడక అప్పుడప్పుడే వస్తోంది. మెడ మాత్రం ఇంకా సన్నగా కాడలా ఉండేది.

అల్లుడు కారు నడుపుతున్నాడు. నా భార్య ముందు సీట్లో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేనూ, మా బిడ్డా వెనుక ఉన్నాం. ఊరు దాటిన మలుపులో ఒక బైకు అడ్డం వచ్చింది. అల్లుడు బ్రేకు తొక్కాడు. వేగం పెద్దగా లేదు. అయినా పాప నా భార్య చేతుల్లోంచి జారిపోయి, నుదురు ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. వెంటనే ఏడవలేదు. అద్దాల పెట్టె ముందు నిలబడిన రోజుల్లో కూడా పాప ఏడిస్తే మాకు ధైర్యంగా ఉండేది, ఊరుకుంటేనే భయం. తరువాత ఏడ్చింది. చిన్న బొప్పి కట్టింది. డాక్టరు చూసి ఏమీ కాలేదని పంపించాడు.

ఇంటికి వచ్చాక నా భార్య అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఒకటే మాట అంటూ ఉంది.

"పట్టుకునే ఉన్న. గట్టిగ పట్టుకునే ఉన్న."

నాకూ ఆ మాటకే భయం వేసింది. ఆమె పట్టు నాకు తెలుసు. పొగరుబోతు పొట్టేలును కొమ్ములు పట్టి ఆపిన చేతులవి. ఆ చేతులే ఆపలేకపోయాయంటే ఇక ఎవరి చేతులను నమ్మాలి?

నేను సర్కారు కొలువులో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. వాన పడిందా, బోరులో నీళ్లు ఎంత దిగాయి, ఇంటికి ఎవరు వచ్చారు అని రెండు మూడు వాక్యాలు. పాప పుట్టాక దాని బరువు కూడా అందులో చేరింది. ఆ రోజు వాన సంగతి రాశాను. బొప్పి సంగతి రాయడానికి చెయ్యి ఆడక మూసి పెట్టాను.

భయపడటానికి ఇంకో కారణం ఉంది. మా బిడ్డ సెలవు అయిపోవస్తోంది. ఆమె, అల్లుడు ఇద్దరూ జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తారు. కాన్పుకు మా ఇంటికి వచ్చిన మనిషి పాప బలహీనత వల్ల ఏడాది దాటి ఉండిపోయింది. ఇప్పుడు పాపను తీసుకుని జడ్చర్ల పోవాలి. పుట్టిన నాటి నుంచీ చూస్తున్న డాక్టరు మా నల్లగొండలోనే ఉన్నాడు కాబట్టి నెలనెలా తీసుకురావాలి. దేవరకొండ మీదుగా, కల్వకుర్తి మీదుగా ఆ దారి ఎలాంటిదో నాకు తెలుసు. పత్తి లారీలు, హెడ్‌లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీదనే ఆరబోసిన వడ్లు. పానగల్ దారిలో జరిగింది ఆ దారిలో జరిగితే అన్న ఆలోచన దగ్గర నా మనసు ఆగిపోయేది. దాని తరువాతిది ఊహించేవాణ్ణి కాదు.

సీటు కొందాం అని బిడ్డే అంది. ఫోనులో రెండు రకాలు చూపించింది. పసిపిల్లలను పండబెట్టే తొట్టిలాంటిది ఒకటి. రెండు వైపులా తిప్పుకునేది ఇంకొకటి; చిన్నప్పుడు పిల్ల మొహం కారు వెనుక వైపు ఉండేలా బిగించాలి, పెరిగాక ముందుకు తిప్పాలి. రెండోది కొంటే చాలా ఏళ్లు వస్తుంది. ఇక్కడ నొక్కితే ఇంటికే వచ్చేస్తుంది బాపు అంది. పాపను కూర్చోబెట్టి చూడకుండా వద్దన్నాను.

నా నౌకరీ అంతా పల్లెలకు తాగునీళ్లు ఇచ్చే శాఖలో గడిచింది. వర్క్ ఇన్‌స్పెక్టరుగా మర్రిగూడ వైపు చాలాకాలం తిరిగాను. అక్కడి బోర్ల నీళ్లు గ్లాసులో పోస్తే తేటగా కనిపించేవి. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగిన పిల్లల కాళ్లు వంకర పోయేవి. రాష్ట్రం వచ్చాక నల్లా నీళ్లు వచ్చాయి, నేను రిటైరయ్యాను. కానీ కంటికి బాగుందని దేన్నీ నమ్మకూడదన్న భయం మాత్రం నాతోనే ఇంటికి వచ్చింది.

పాపను పీట మీద కూర్చోబెట్టి, వీపు గోడకు ఆనించి, పీట నుంచి భుజం దాకా టేపుతో కొలిచాను. అది టేపును నోట్లో పెట్టుకోబోయింది. రెండుసార్లు కొలిచాను. హైదరాబాదులో పిల్లల సామాన్ల దుకాణానికి బిడ్డా, నేనూ, పాపా బస్సులో పోయాం. అల్లుడు కారు పంపిస్తానన్నాడు. సీటు కొనడానికి సీటు లేని కారులో ఎట్లా పోతాం అన్నాను. నవ్వాడు.

దుకాణంలో సీట్లు చూపించిన అమ్మాయి మంచిది. ఒక్కో సీటు కిందికి దించి పాపను కూర్చోబెట్టనిచ్చింది. నేను చూసేది ఒక్కటే. భుజాల మీదుగా వచ్చే పట్టీలు సీటు వెనుక చీలికల్లోంచి వస్తాయి. పిల్ల వెనక్కి మొహం పెట్టి కూర్చున్నప్పుడు ఆ చీలిక భుజానికి సమానంగా గానీ కాస్త కింద గానీ ఉండాలని సీటుతో ఇచ్చే పుస్తకంలో ఉంది. చాలా సీట్లలో అన్నింటికంటే కింది చీలిక కూడా మా పాప చెవుల దగ్గరికి వచ్చింది. ఏడాది దాటిన పిల్లకు సరిపోతుందని పెట్టె మీద రాసి ఉంటుంది. మా పాప వయసు పెట్టె మీదిదే గానీ ఒళ్లు కాదు. పట్టీల మధ్య అది సంచిలో వేసిన కాయలా ఒక పక్కకు ఒరిగిపోతుంటే బిడ్డ అటు చూడలేక ముఖం తిప్పుకుంది.

ఆ అమ్మాయి ఇంకో సీటు తెచ్చి, దాన్ని ముందుకు తిప్పి పెట్టుకోవచ్చని, అప్పుడు పాప బయటికి చూసుకుంటూ ఖుషీగా కూర్చుంటుందని చెప్పింది.

"ముందుగాల బతికుండాలె గద బిడ్డా. ఖుషీ తర్వాత చూద్దాం" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆ అమ్మాయి బిత్తరపోయింది. మా బిడ్డ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపు ముగ్గురం పాప కాళ్ల మేజోళ్లు సర్దుతూ నిలబడ్డాం. ఆ తరువాత ఆ అమ్మాయే లోపలికి పోయి, బూడిద రంగు సీటు ఒకటి దుమ్ము తుడుచుకుంటూ తెచ్చింది. చూడటానికి బాగాలేదని ఎవరూ అడగరట. దాని కింది చీలిక మా పాప భుజానికి వేలెడు కింద ఉంది. అదే తీసుకున్నాం.

ఇంటికి తెచ్చాక నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. పిల్ల మొహం వెనక్కి ఉంటుందని చెప్పగానే ఆమె మొహం మాడిపోయింది.

"ఏందయ్యా గిది? పోయేది అటు, పిల్ల చూసేది ఇటా? మనల్నందరిని ఇడిచిపెట్టి పోతున్నట్టు కూసుంటదా?"

బ్రేకు పడినప్పుడు ముందుకు చూసే పిల్ల తల ముందుకు విసురుగా పోతుంది, ఈ మెడ ఆగదు, వెనక్కి చూస్తే వీపంతా సీటుకు ఆనుకుంటుంది అని చెప్పాను. మెడ మాట వినగానే ఇక వాదించలేదు. వంటింట్లోకి పోయింది.

సీటును కారు వెనుక మధ్యలో, బెల్టు మీద మోకాలు పెట్టి బిగించాను. మరీ నిటారుగా ఉంటే నిద్రలో పిల్ల తల ముందుకు వాలి ఊపిరి అందకపోవచ్చు. అందుకని సీటు పక్కన ఒక గీత గీసి ఇస్తారు. అది నేలకు సమానంగా ఉండాలి. మా వాకిలి వాలు. అల్లుడితో కారును బడి ముందు చదును జాగాకు తీయించి, నా పాత రసమట్టం ఆ గీత మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా సర్దాను. మామ వాటర్ ట్యాంకు కడుతున్నడు అని అల్లుడు బిడ్డతో అంటుంటే విన్నాను. విననట్టే ఉన్నాను.

ప్రయాణం రోజు పొద్దున నా భార్య గొంగడి ముక్క తెచ్చింది.

అది మా అవ్వ గొంగడి. మేము గొర్లు కాసిన ఇంటివాళ్లం. మా ఇళ్లలో పుట్టిన బిడ్డను ఇరవై ఒకటో రోజు నీళ్లు పోసి మొట్టమొదట గొంగడి మీద పండబెడతారు. నేను, నా తమ్ముళ్లు, నా బిడ్డ అందరం ఆ నల్లటి ఉన్ని మీద పండినవాళ్లమే. పాపకు ఇరవై ఒకటో రోజు వచ్చినప్పుడు అది అద్దాల పెట్టెలో ఉంది. గొంగడి తెస్తామంటే నర్సు లోపలికి రానివ్వలేదు. నా భార్య దాన్ని మడిచి దవాఖాన మెట్ల మీద ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తరువాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆ గొంగడిలోంచి సీటుకు సరిపడా ముక్క కోసి, అంచులు కుట్టి తెచ్చింది.

"గా ప్లాస్టిక్ మీద ఎండకు కాలుతది. గిది ఏస్తె సల్లగుంటది" అంది. అంతే అంది. కారణం అది కాదని నాకూ, బిడ్డకూ తెలుసు. ఎవరం కాదనలేదు. సీటుతో వచ్చినవి తప్ప మెత్తలు గానీ దిండ్లు గానీ వేయకూడదని పుస్తకంలో నేనే చదివాను. కానీ గొంగడి మెత్త అని మా ఇంట్లో ఎవరికి తోస్తుంది? అది ఒంటి మీది చర్మం లాంటిది. దాని మీద కూర్చోగానే పాప ఆ గరుకును అరచేతులతో రాసి చూసుకుంది. నా భార్య ముఖం తేటపడింది. నేను పట్టీలు బిగించాను. భుజం దగ్గర రెండు వేళ్లతో గిచ్చితే పట్టీ మడత పడకూడదు. పడలేదు. బయలుదేరాం.

నేను ముందు కూర్చున్నాను. వెనుక పాపకు ఒక పక్క బిడ్డ, ఇంకో పక్క నా భార్య. నాకు సీటు వీపు తప్ప పాప మొహం కనిపించదు. ఇది నేను ముందు ఆలోచించని సంగతి. పాప మాటలు లేకుండా పడుకుంటే మళ్లీ ఆ పాత నిశ్శబ్దమే. ఏం చేస్తోంది అని అడుగుతూ వచ్చాను. పండుకుంది అని, చూస్తోంది అని వాళ్లు చెబుతూ వచ్చారు. కొండమల్లేపల్లి దాటాక ఎదురుగా ఒక లారీ ఇంకో లారీని దాటుతూ మా మీదికి వచ్చింది. అల్లుడు మట్టిలోకి దించి తప్పించాడు. అద్దంలో వెనక్కి చూశాను. బిడ్డ చెయ్యి, నా భార్య చెయ్యి రెండూ పాప మీద ఉన్నాయి.

మరికొంత దూరం పోయాక పాప తాగిన పాలు కక్కింది. చాయ్ హోటల్ దగ్గర ఆపాం. పాపను దించి, గొంగడి ముక్క తీసి నా భార్య నల్లా కింద పిండింది. తడిది వేయలేం కదా అని ఉత్త సీటు మీదనే పాపను కూర్చోబెట్టి బిడ్డ కొక్కెం టక్కున పెట్టింది. పట్టీని ఎవరం వదులు చేయలేదు, బిగించలేదు. ఇంటి దగ్గర నేను బిగించినది బిగించినట్టే ఉంది.

అలవాటు కొద్దీ వంగి భుజం దగ్గర గిచ్చాను. నా పిడికిలి మొత్తం పట్టీ కింద దూరిపోయింది.

ముందు అర్థం కాలేదు. కొక్కెం ఊడిందేమోనని లాగి చూశాను. ఊడలేదు. అప్పుడు నా భార్య చేతిలో నీళ్లు కారుతున్న గొంగడిని చూశాను. నేను పొద్దున బిగించింది పాపను కాదు, ఆ ఉన్నిని. గట్టి దెబ్బ తగిలితే ఉన్ని అణిగిపోతుంది. అణిగిన జాగా అంతా పాప జారిపోయే సందు. లారీ మా మీదికి వచ్చినప్పుడు పాప అలాగే ఉంది. అల్లుడు ఒక్క క్షణం ఆలస్యం చేసి ఉంటే అనుకుంటూ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఏమైంది బాపు?" అంది బిడ్డ.

చెప్పాలా వద్దా అని చూశాను. చెబితే నా భార్య మళ్లీ ఆ గోడకు ఆనుకుని కూర్చుంటుంది. చెప్పకపోతే జడ్చర్లలో ప్రతిసారీ ఆ గొంగడి సీటులోకి వస్తుంది. నోటితో చెప్పలేదు. నా భార్య చెయ్యి పట్టుకుని ఆ పట్టీ కింద పెట్టాను. ఆమె పిడికిలి కూడా దూరింది. చాలాసేపు తీయలేదు.

"గింత సందా" అంది మెల్లగా. తరువాత, "నా వల్లనేనా?"

"ఇద్దరం కలిసే ఏసినం" అన్నాను.

పట్టీని లాగి లాగి పాప ఒంటికి ఆనేదాకా బిగించాను. పాప గునిసింది. ఎవరం వదులు చేయలేదు. గొంగడిని ఏం చేయాలో నా భార్యకు తెలియలేదు. సంచిలో పెట్టబోయింది, మళ్లీ తీసింది. బిడ్డ దాన్ని అందుకుని, కారు కిటికీకి ఆనించి గాలికి ఆరబెట్టి, ఆరిన తరువాత పట్టీల పైనుంచి పాప మీద కప్పింది. కింద కాదు, పైన. పాప అంచు పట్టుకుని నమిలింది.

జడ్చర్ల దగ్గరపడి హైవే మీదికి ఎక్కేసరికి రెండు పక్కలా లారీలే. ఒక్కోటి దాటినప్పుడు కారు ఊగేది. వెనుక పాప చప్పుడు లేదు. నేను తిరిగి చెయ్యి చాచబోయాను. అప్పటికే నా భార్య గొంగడి అంచు కాస్త పైకెత్తి, పాప భుజం దగ్గర రెండు వేళ్లతో పట్టీని గిచ్చి చూస్తోంది. ఒకసారి కాదు, రెండు భుజాలూ.

"బిగిసే ఉన్నది. ఊపిరి గూడ తీస్తాంది" అంది. "నువ్వు ముందలికి చూడు."

ముందుకు చూశాను. ఎదురుగా ఇంకో లారీ వస్తోంది.