ఇంపోజిషన్ నేర్పిన జవాబులు

మా చిన్నప్పుడు... అంటే రామచంద్రపురంలో నేను తొమ్మిదో తరగతి వెలగబెడుతున్న రోజుల్లో, మా ఫిజిక్స్ సూర్యం మాష్టారికి కంప్యూటర్ పిచ్చి పట్టింది. వేసవి సెలవుల్లో కాకినాడ వెళ్లి ప్రోగ్రాములు రాయడం నేర్చుకొచ్చారు.

ఇంకేముంది... మా కాపీలకి కాలం చెల్లింది. ఆయన ప్రోగ్రాం ఎవరి రోల్ నంబరుకి వాళ్ల పేపరు తయారుచేసేది. ప్రశ్నల వరస వేరు, కింద ఎ, బి, సి, డిల వరస వేరు. పక్కదాని పేపర్లోకి మెడ సాచినా దండగే.

ప్రింటర్ కీచుమంటూ వదిలే పొడుగాటి కాగితాల్ని చింపి, అంచుల్లో చిల్లుల పట్టీలు తీసి మాష్టారికి అందించేది మా బడి ఆయమ్మ, వెంకాయమ్మ గారు. జవాబుల కాగితం కూడా ఆ దొంతరలోనే ఉండేది. ఆవిడ ఇల్లు మా వీధిలోనే.

మొదటి పరీక్షలో నాకు ఇరవైకి ఆరు. తక్కువొచ్చిన వాళ్లకి మాష్టారి శిక్ష ఏంటంటే, మన పేపరుకి సరైన జవాబుల అక్షరాలు వరసగా యాభై సార్లు ఇంపోజిషన్. సి, ఎ, డి, డి, బి... ఏడుస్తూ రాశాను. తెలివైన వాళ్లు అక్కల చేత రాయించుకున్నారు లెండి.

పై వారం ఇంకో పరీక్ష. కొత్త పాఠం, నేను చదివింది సగమే. మొదటి అయిదూ తెలిసినవే వచ్చాయి. జవాబులు పెట్టి చూసుకుంటే... సి, ఎ, డి, డి, బి. నా ఇంపోజిషన్ వరసే! మిగతా ప్రశ్నలు చదవనే లేదు... అలవాటైన వరసలో చెయ్యి రాసుకుంటూ పోయింది.

ఇరవైకి ఇరవై.

మాష్టారు నన్ను క్లాసులో నిలబెట్టారు. “నీకీ మార్కులేంటమ్మా? జవాబుల కాగితం ఎవరిచ్చారు?”

చదవకుండా రాశానని ఇంట్లో తెలిస్తే నాన్న బడి మాన్పించేస్తారని భయం. ఆ మాట ఆయన అప్పటికే రెండుసార్లు అన్నారు.

ఆయమ్మని పిలిపించారు. “మీరిద్దరూ ఒకే వీధి కదా. ఇంకెవరి పనిది?”

“నాకు అచ్చరమ్ముక్క రాదండి మాష్టారూ. ఏ కాయితం ఏంటో నాకేం తెల్సండి,” అని ఆవిడ నా వైపు తిరిగారు. “చెప్పమ్మా... నేనిచ్చానా?”

నేను తల వంచుకున్నాను. అంతే... అందరూ అవుననే అనుకున్నారు. మధ్యాహ్నానికల్లా హెడ్మాస్టర్ గారు ఆవిడని ఇంక పనిలోకి రావద్దన్నారు.

ఆ పూట క్యారేజీ మూత కూడా తియ్యలేదు. ఆవిడకి ఆ జీతమే ఆధారం అని మా వీధిలో అందరికీ తెలుసు. చెబుదామని లేవడం, భయమేసి కూర్చోవడం... ఇంటి బెల్లు కూడా కొట్టేశారు. అందరూ వెళ్లిపోయాక కంప్యూటర్ గదిలోకి వెళ్లి, ఇంపోజిషన్ పుస్తకం మాష్టారి బల్ల మీద పెట్టాను.

“కిందటి వారం వరసే మళ్లీ వచ్చిందండి. నేను చదవలేదండి... ఆవిడేం ఇవ్వలేదండి.”

మాష్టారు కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, ప్రోగ్రాం నడిపారు. ఇంకోసారి ఆపి వేశారు. రెండుసార్లూ అదే వరస. స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ ప్రోగ్రాం మొదట్నుంచీ ఒకేలా కలుపుతోంది! మాష్టారు సరైన జవాబుని ఎప్పుడూ ముందే టైపు చేస్తారు కాబట్టి, ప్రశ్నలు మారినా అక్షరాల వరస మారలేదు. ఆయన ముఖం పాలిపోయింది. కొడతారనుకుని చెయ్యి చాపాను. కొట్టలేదు. సైకిలెక్కి ఆయమ్మ గారింటికి వెళ్లారు.

మర్నాడు ఆవిడ మళ్లీ పనిలోకి వచ్చారు. దగ్గరికెళ్లి, తప్పయిపోయిందండీ అన్నాను.

“నువ్వు చెప్తావనే అనుకున్నానమ్మా. ఇంటి బెల్లు కొట్టేదాకా గేటు కాడే కూకున్నాను. పిల్లలందరూ ఎల్లిపోతన్నారు... నువ్వూ ఎల్లిపోయావేమో అనుకుని లేచాను,” అన్నారు. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పరీక్షలు ఫోన్లోనే. ప్రతి పిల్లకీ వేరే ప్రశ్నలు, నొక్కగానే మార్కులు. కాగితం లేదు, దాన్ని చింపి ఇచ్చే ఆయమ్మా లేదు. మంచిదే... కానీ ఆ సాయంత్రం నేను గదిలోకి వెళ్లడానికి ఎంతసేపు తటపటాయించానో తలుచుకుంటే ఈ రోజుకీ భయమేస్తుంది.

మీరూ ఎప్పుడైనా చెప్పాల్సిన మాట ఆలస్యంగా చెప్పారా? చెప్పుంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని అనుకుంటాను.