పాపాయమ్మ చూడని కోణార్కు

విశాఖ సముద్రం ఒడ్డున ఉన్న పెదజాలారిపేటలో ఎవరు అడిగినా సరే, పాపాయమ్మ కోణార్కు గుడి గురించి గడగడా చెప్పేస్తుంది. ఇరవై నాలుగు చక్రాలు, ఏడు గుర్రాలు, ఒక్కో చక్రం మనిషి కంటే ఎత్తు. తీరా చూస్తే ఆవిడ ఆ గుడిని చూడనే లేదు. ముప్పై ఏళ్ల కిందట బస్సులో అక్కడికి వెళ్లినప్పుడు వెంట వచ్చిన ఆడవాళ్లలో సగం మంది పోయారు, మిగిలినవాళ్లు మరిచిపోయారు. మొగుడు జగ్గయ్యకైతే అసలు తెలియనే తెలియదు.

ఇప్పుడామెకు అరవై మూడు. తెల్లారకముందే రేవుకు వెళ్లి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని అపార్టుమెంట్ల వెంట తిరుగుతుంది. నీసు వాసనని లిఫ్టు ఎక్కనివ్వరు. చేపలు మాత్రం మూడో అంతస్తుకు చేరాలి. మోకాళ్లు ఎప్పుడో మొండికేశాయి.

ఆరోజు మధ్యాహ్నం గంప దించి గుమ్మంలో చతికిలబడిందో లేదో, కోడలు సుధారాణి మంచినీళ్లిచ్చి కబురు చెప్పింది. వేట నిషేధం రోజులు కదా, పెద్ద బోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. పేటవాళ్లు పూరీ, కోణార్కులకు బస్సు మాట్లాడుకుంటున్నారు.

“నీ పేరు కూడా రాయించీమంటావేటి అత్తా?”

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న జగ్గయ్య తలైనా ఎత్తలేదు. “దానికెందుకే మళ్లీ? అది సూసీసింది గదా!”

ఎన్నోసార్లు విన్న మాటే. పాపాయమ్మ నోరు మూసుకుని ఊరుకునే మాటే. ఆ రోజు ఎందుకో ఊరుకునే ఓపిక కూడా లేకపోయింది.

“నాను సూల్లేదు” అంది.

“ఏటీ?”

“సూల్లేదన్నాను. గుడికాడికెళ్లగానే నువ్వు సముద్రం సూసొత్తానని ఎల్లిపోనావు. నువ్వొచ్చినాక ఇద్దరం సూద్దామని రోడ్డు పక్కనే కూకున్నాను. గంటకి మన వీర్రాజొచ్చి, ఒడియావోళ్లతో పడవెక్కీసినాడు మీ ఆయన అని సెప్పినాడు. ఇంకేటి సూత్తాను?”

జగ్గయ్యకు నేల మీద కాలు నిలవదు. కొత్త ఊళ్లో అయినా సరే, పడవ కనబడితే చాలు, ఒళ్లు మరిచిపోతాడు. ఆ రోజు ఆ పడవవాళ్లతో వేటకెళ్లి చీకటి పడ్డాక, చేతిలో నాలుగు చేపలు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. అప్పటికి బస్సు హారన్ కొడుతోంది.

మొగుడు నీటి మీద ఉండగా పెళ్లాం సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదని పాపాయమ్మ అత్తగారి శాసనం. కాపురానికి వచ్చిన మర్నాడే చెప్పింది. అందుకే ఆమె రోడ్డు పక్కన, సముద్రం వైపు ముఖం పెట్టి పొద్దుగూకేదాకా కూర్చుంది. గుడి ఆమె వెనకే ఉంది. పేట నుంచి తోడొచ్చిన చిట్టమ్మ రెండుసార్లు వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. పాపాయమ్మ మెడ తిప్పలేదు. బస్సు కదిలేసరికి చీకట్లో ఏమీ కనబడలేదు. చక్రాలూ గుర్రాలూ అన్నీ దారిలో చిట్టమ్మ చెప్పినవే.

జగ్గయ్య చేతిలో వల ఆగిపోయింది. “మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటే పాపా?”

“సెప్తే ఏటి సేత్తావు? నీ పరువు పోద్దని నాను కూడా సూసీసినట్టే తిరిగినాను.”

ఆయన వల పక్కన పెట్టేశాడు. సిగ్గుపడ్డాడు, నిజంగానే. చివరికి, “ఈ పాలి ఇద్దరం ఎల్దాం. నీ పక్కనే ఉంటాను” అన్నాడు.

“వద్దు మావా. అక్కడా సముద్రముంది. నీ మీద నాకు నమ్మకం లేదు.” ఆమె గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. “నువ్వు ఇంటికాడే ఉండు. నాను తిరిగొచ్చీవరకు తెప్ప నీట్లో దించనని సెప్పు.”

నిషేధం పెద్ద బోట్లకే. తన చిన్న తెప్ప వేసుకుని జగ్గయ్య రోజూ వెళుతూనే ఉన్నాడు. డెబ్భై దగ్గర పడుతున్నా, ఒంట్లో బాగోలేని రోజున కూడా ఆగిన మనిషి కాదు. ఆయన సముద్రం వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు.

“ఎన్ని రోజులే?”

“నాలుగు.”

“దించను. ఎళ్లి సూసి రా.”

ఒక్క పేరే రాయించడానికి సుధారాణి లేచి వెళ్లింది. మొగుడి నోట “దించను” అన్న మాట వింటే ఎంత సంబరపడతానో అని పాపాయమ్మ అప్పుడప్పుడూ అనుకునేది. తీరా విన్నాక ఆమెకు నిద్ర ముంచుకొచ్చింది. గుమ్మంలోనే కొంగు పరుచుకుని, సముద్రానికి వీపు పెట్టి పడుకుంది.