నీళ్ళు పోయే దారి

2022 అక్టోబరులో ఒక మంగళవారం ఉదయం ఏడూ నలభైకి, పాలకొల్లు దగ్గర మా ట్రస్టు తోటలో ఆయిల్ ఇంజన్ స్టార్టయింది. రెండు రోజుల వాన నీరు వంగ మడుల్లో నిలిచి ఉంది. మాకు గ్రాంటు ఇచ్చిన సంస్థ ఆఫీసరు పదింటికి వస్తున్నారు. ఆ లోపు నీళ్ళు తోడించి తోటను శుభ్రంగా చూపించాలని నా ఆలోచన.

ట్రస్టులో నా పని దాతలకు దరఖాస్తులు రాయడం. ఆ మూడెకరాల తోటను ఊళ్ళోని పన్నెండు మంది ఆడవాళ్ళు సాగుచేస్తారు. పంటలో సగం వాళ్ళది, సగం మా వృద్ధాశ్రమం వంటశాలకు. వచ్చింది రిస్ట్రిక్టెడ్ గ్రాంటు. అంటే ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. నేను అడిగింది డ్రిప్, అంటే మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళిచ్చే ఏర్పాటు. జంగారెడ్డిగూడెం వైపు ఒక మెట్ట తోటకు డ్రిప్ మంజూరైతే, ఆ దరఖాస్తు చూసి రాసేశాను. అంతకుముందు నేను రాసినదల్లా నా భార్య చదివేది. ఆమె ఆ వేసవిలో పోయింది. తర్వాత రాసిన మొదటి దరఖాస్తు అది. తోటకు వెళ్ళకుండానే రాశాను.

తోట బాధ్యత చూసే సత్యవతి గారు వచ్చి ఇంజన్ ఆపేశారు.

“ఏంటండి బాబూ, రోగికి పౌడరు రాసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా?”

“డ్రిప్ అని రాసేశాను కదమ్మా. ఇది చూస్తే రెండో విడత ఆపేస్తారు.”

“ఆపితే ఆపనివ్వండి. వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. ఇంకో పంట పోతే మా వాళ్ళంతా మళ్ళీ రొయ్యల షెడ్డు కూలికే. మాకు నీళ్ళు రావడం కాదండి, పోవడం కావాలి.”

పదింటికి వచ్చిన ఆఫీసరమ్మ చెప్పులు గట్టు మీద వదిలి మడిలోకి దిగారు. పిక్కల దాకా నీళ్ళు. తోట చూడకుండా డ్రిప్ అడిగిన తప్పు నాదేనని చెప్పాను.

“ముందే రాయొచ్చు కదండీ?” అన్నారావిడ.

“రాయాల్సిందండి.”

డ్రిప్ బదులు వేరే పనికి మార్చమని కారణాలతో ఉత్తరం పెట్టమన్నారు. నెల తర్వాత తూముకు, పైపులకు అనుమతి వచ్చింది. ఆ నీళ్ళు బయటికి పోయే మురుగుబోదె తవ్వకం మాత్రం వాళ్ళ నిబంధనల్లో లేదు. దానికి ఊరి దాతలే దిక్కు. ఏటా తల్లి తద్దినానికి ఆశ్రమంలో అన్నదానం చేయించే రైస్‌మిల్లు యజమాని దగ్గరికి సత్యవతి గారూ నేనూ వెళ్ళాం.

“మా అమ్మ పేరు చెప్పి మురుగుబోదె తవ్విస్తారేంటండి?” అన్నారాయన.

“అన్నదానమైతే ఒక్క పూటండి,” అన్నారు సత్యవతి గారు. “బోదె తవ్విస్తే ఏడాది పొడుగునా కూర.”

ఆయన గల్లాపెట్టె తాళం తీశారు. “మా అమ్మకి వంకాయంటే ప్రాణం. నీతో వాదించలేనమ్మా, తవ్వించుకోండి.”

మరుసటి ఏడాది వానలకు నీరు ఒక్కరోజులో దిగిపోయింది. వంగ నిలబడింది. పన్నెండు మందీ తోటలోనే ఉన్నారు.

ఇబ్బంది కనిపిస్తే దాత వెనక్కి తగ్గుతారని ఇన్నేళ్ళూ భయపడ్డాను. సాయం చేయాలనుకున్నవాళ్ళకు ముందు తెలియాల్సింది ఆ ఇబ్బందే. ఇప్పుడు ఏ దరఖాస్తయినా పంపేముందు తోటలో చదివి వినిపిస్తాను. వాళ్ళు కొట్టేయమన్నవి కొట్టేస్తాను. ఇంకొకరి దరఖాస్తు చూసి రాయడం మానేశాను.