తాత పేరు మీద ఐదు వందల గుండ్లు

మా తాత చనిపోయిన తొమ్మిదేళ్లకు ఆయన మీద తుపాకుల కేసు వచ్చింది.

బతికున్నన్నాళ్లు తాత దోమను కొట్టాలన్నా ముందు దానికి నచ్చజెప్పి చూసిన మనిషి. వరంగల్ బజారులో మాది ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, గొళ్లాలు, గొలుసులు, తాళాలు. బోర్డు మీద తాత పేరు. ఆయన పోయాక బాపు బోర్డు మార్చలేదు, పేరు మార్చలేదు. ఇంటికి వచ్చే ఉత్తరాలు, పెళ్లి కార్డులు, కరెంటు బిల్లు అన్నీ తాతకే వచ్చేవి. పోస్టుమాన్ చాచాకు తెలిసింది ఆ ఒక్క పేరే. ఇంకో పేరు రాస్తే ఆ కవరు మా గల్లీ తప్ప జిల్లాలోని గల్లీలన్నీ చూసుకుని, అలిసిపోయి, పంపినవాడి దగ్గరికే పోయేది. మా బజారులో సగం దుకాణాలది ఇదే పద్ధతి. బతికున్నవాళ్ల కంటే పోయినవాళ్లకే టపా ఎక్కువ.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. అప్పటి వరంగల్‌లో పొద్దున గోడ మీద ఎర్ర రాతలు కనిపిస్తే మధ్యాహ్నానికి వాటి మీద సున్నం పడేది. మా కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్క పేరు దగ్గర క్లాసంతా నిశ్శబ్దమయ్యేది. ఆ పిల్లవాడు ఎటు పోయిండని ఎవరూ అడగరు, అడిగినవాణ్ని కూడా ఎవరో గుర్తుపెట్టుకుంటారని భయం. తుపాకీ అన్న మాటను మా అమ్మ నోటితో అనేది కాదు, చేత్తో చూపించేది.

అటువంటి ఊళ్లో, అటువంటి రోజుల్లో, నాకు గురిచూసి కొట్టే పిచ్చి పట్టింది.

ఒక పెద్ద డాక్టరు గారు తన దవాఖాన వెనక రైఫిల్ క్లబ్ పెట్టాడు. క్లబ్ అంటే ఒక గోడ, ఒక బల్ల, ఒక గాలి తుపాకీ. ఆ తుపాకీ ఎంత పాతదంటే, కాకతీయులు కోటను కాపాడుకోవడానికి దాన్నే నమ్ముకుని ఓడిపోయి ఉంటారని నా అనుమానం. గురి చూడడానికి వెనక ఉండే ఇనుప కన్ను వదులైపోతే దారంతో కట్టారు. ఆ దారం కన్నుతోనే నేను అట్ట మీద నల్లచుక్కను పదిసార్లలో ఏడుసార్లు కొట్టేవాణ్ని. డాక్టరు గారు చూసి, "మంచి కన్ను దొరికితే నువ్వు రాష్ట్రం పోటీలకు పోతవురా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా ఛాతీ నాలుగు అంగుళాలు పెరిగి, ఉన్న మూడు అంగీలూ పనికిరాకుండా పోయాయి.

మా చిన్న మేనమామ పశ్చిమ జర్మనీలో యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయనకు రాశాను: గురి చూసే కన్ను ఒకటి, సీసం గుండ్ల డబ్బా ఒకటి పంపమని. ఆయన తిరిగి రాశాడు: "ఇక్కడి పోస్టాఫీసులో అడిగిన. ఇసొంటివి ఇండియాకు పంపాలంటే అక్కడ లైసెన్సు ఉండాలె అంటున్నరు. నువ్వు మన పోస్టాఫీసులో కనుక్కొని రాయి." పోస్టాఫీసు మా దుకాణం నుంచి పది నిమిషాల నడక. నేను కనుక్కోలేదు. "అసొంటి రూల్స్ మన దగ్గర ఏం లేవు మామా, జల్ది పంపు" అని ఆ రోజే జవాబు రాసి డబ్బాలో వేశాను. పంపాల్సిన పేరు, మామూలే, తాతది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పార్సెల్ ఇంకా సముద్రం మీద ఉండగానే దాని గొప్పలు బజారంతా పంచాను. పాన్ డబ్బా ముందు నిలబడి, "జర్మనీ మాల్ వస్తాంది కాకా. దాంతోని ఇక్కడ నిలబడి కొడితే కాజీపేటల సిగ్నల్ దీపం ఆరిపోవాలె" అన్నాను. పాన్ డబ్బా కాకా సున్నం రాస్తున్న చెయ్యి ఆపి నావైపు అదోలా చూశాడు. మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక్కడ మా అన్న సంగతి చెప్పాలి. నా కంటే ఆరేళ్లు పెద్ద. మాట మీద మాట పెంచడం తెలియనివాడు. నేను నాలుగు పేజీలు చెప్పేది ఆయన నాలుగు మాటల్లో చెప్పి, అందులో కూడా ఒకటి మింగేవాడు. ఏళ్ల తరబడి పరీక్షలు రాసీ రాసీ చివరికి రైల్వేకు ఎంపికయ్యాడు. కాజీపేటలోనే పోస్టింగు అన్నారు. డాక్టరు పరీక్ష కూడా అయిపోయింది. మిగిలింది పోలీసు విచారణ ఒక్కటే. ఒక పోలీసాయన ఇంటికి వచ్చి, ఈ ఇంటి మనుషులు ఎటువంటివాళ్లో రాసుకుని పోవాలి. ఆ రాత బాగుంటే ఆర్డరు, లేకపోతే మేకుల తూకం.

ఆ పోలీసాయన కూర్చోవడానికి బాపు కొత్త కుర్చీ కొన్నాడు. చేతులున్న టేకు కుర్చీ. మా ఇంట్లో ఎవరూ దాని మీద కూర్చోకూడదు. అమ్మ రోజూ తుడిచేది, పిల్లి ఎక్కితే కొట్టేది. ఆ కుర్చీకి జరిగిన మర్యాద తాత అల్లుళ్లకు కూడా జరగలేదు.

కుర్చీలో కూర్చునేవాడి కంటే ముందు నోటీసు వచ్చింది.

పోస్టుమాన్ చాచా గంట కొట్టకుండా వచ్చాడు. ఆయన గంట కొట్టకుండా రావడం నేను చూసింది అదే మొదటిసారి. "సంతకం చెయ్యాలె సేటు" అని కాగితం ఇచ్చి, నీళ్లు కూడా తాగకుండా పోయాడు. విదేశీ టపాను సోదా చేసే కస్టమ్స్ ఆఫీసు నుంచి, ఇంగ్లీషులో. అన్న చదివి చెప్పాడు.

"తాత పేరు మీద పార్సెల్ ఆపిన్రు. తుపాకీ భాగం ఒకటి, సీసం గుండ్లు ఐదు వందలు. దిగుమతి లైసెన్సు చూపియ్యాలె. లేకుంటే ఎందుకు జప్తు చెయ్యొద్దో, ఎందుకు చర్య తీసుకోవద్దో స్వయంగ వచ్చి చెప్పాలె." ఆగి, చివరి వరుస మళ్లీ చూశాడు. "ఒక కాపీ జిల్లా పోలీసు ఆఫీసుకు."

బాపు గోడ మీది దండ వేసిన తాత ఫోటో వైపు చూశాడు. "స్వయంగనా?" అన్నాడు.

జీవితంలో మొదటిసారి, ఆ నోటీసు రాసినాయన రూపంలో, నా కంటే ఎక్కువ పెంచి చెప్పేవాడు దొరికాడు. ఆ గుండు ఒక్కొక్కటి మిరియపు గింజంత, ఐదు వందలు కలిపి మా చెల్లె పౌడరు డబ్బాలో సగం నిండవు. ఆ కన్ను నా బొటనవేలంత. కాగితం మీద మాత్రం అవి ఒక చిన్న యుద్ధానికి సరిపోయేలా ఉన్నాయి.

అప్పుడు పరిగెత్తాను పోస్టాఫీసుకు. పార్సెళ్ల గుమాస్తా ఒక లావుపాటి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, వేలితో వరుస చూపించాడు. విదేశాల నుంచి టపాలో రాకూడనివన్నీ అందులో ఉన్నాయి. నల్లమందుకు, లాటరీ టికెట్లకు దగ్గరలోనే తుపాకులు, వాటి భాగాలు, వాటి గుండ్లు.

"ఆటకే సార్. అట్టల మీద కొట్టే ఆట" అన్నాను.

"ఆటకైతే ఆటగాళ్ల సంఘం కాగితం, దాని మీద లైసెన్సు, దాని తర్వాత పార్సెల్. నువ్వు ఉల్టా చేసినవ్ తమ్మీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ పేరాయన ఉన్నడా?" అన్నాడు.

"లేడు సార్. పోయి తొమ్మిదేండ్లాయె."

ఆయన పుస్తకం మూసేశాడు. "నాకు చెప్పినవ్ కానీ, ఇంకెవలకు చెప్పకు" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ సైకిల్ దిగాడు. మీసం ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, దాన్నే తాడనుకుని బట్టలు ఆరేయొచ్చు. అమ్మకు ఆయన దేనికి వచ్చాడో తెలియదు. ఉద్యోగం విచారణకే అనుకుని మీగడ తేలే చాయ్ తెచ్చింది. బాపు భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచాడు. ఆయన కూర్చున్నాడు. చాయ్ ఒక గుక్క తాగాడు. జేబులోంచి మడత కాగితం తీసి తాత పేరు చదివి, "పిలువున్రి" అన్నాడు.

అమ్మే ఫోటో చూపించింది.

"చచ్చినాయన పేర గుండ్లు తెప్పిస్తాన్రా?" ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అంటే దొరకొద్దనే కదా?"

"లేదు జమేదార్ సాబ్, మా ఇంటికి అన్నీ ఆ పేరు మీదనే వస్తయి" అన్నాడు బాపు.

"అన్నీ అంటే? ఇంతకుముందు ఏమేం వచ్చినయి?"

ఏ మాట చెప్పినా అది ముందుదాని కంటే పెద్దదవుతోంది. నేను ముందుకు వచ్చి తెప్పించింది నేనేనని చెప్పాను. వేలు చూపించి ఇంతే ఉంటుందన్నాను. మిరియం గింజంత అన్నాను. పుట్టాక నేను దేన్నయినా ఉన్నంతే చెప్పింది అప్పుడే, అదే ఎవరూ నమ్మలేదు.

"గింతదానికి జర్మనీ నుంచి ఎవడన్నా తెప్పిస్తడా బిడ్డా? నేను బజారుల అడిగే వచ్చిన. కాజీపేట సిగ్నల్ ఆర్పుతనన్నది నువ్వే కదా?"

అన్న తల ఎత్తి నావైపు చూశాడు. కాజీపేట. రైల్వే. సిగ్నల్. ఆ మూడు మాటలూ ఆయన ముఖంలో ఒకదాని పక్కన ఒకటి చేరడం నేను చూశాను.

నాతో కాగితం రాయించుకున్నాడు: పార్సెల్ నాది, నాకు వద్దు, జప్తు చేసుకోండి అని. నా పేరు, వయసు, కాలేజీ, కింద వేలిముద్ర కూడా. లేస్తూ కుర్చీ చేతిని ఒకసారి తట్టి, "మంచి టేకు" అన్నాడు. చాయ్ మీద మీగడ గట్టిపడి ఉంది.

తర్వాతి మూడు వారాలూ మా ఇంట్లో సైకిల్ చప్పుడైతే తింటున్నవాళ్లు కంచం వదిలి కిటికీ దగ్గరికి పోయేవాళ్లు. అన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని.

ఉద్యోగం విచారణకు వచ్చినాయన వేరే. యూనిఫారం లేదు, మీసం లేదు, చంకలో ఒక ఫైలు. అటువంటి మెత్తటి మనిషిని చూసి నాకు ఎక్కువ భయమేసింది. బాపు నన్ను దుకాణం వెనక గొలుసుల గదిలోకి తోసి, "నోరు తెరిస్తే చంపుత" అని తలుపు దగ్గరికి వేశాడు. కదిలితే గొలుసులు మోగుతాయి. ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చుకున్నాను.

"ఎంతమంది పిల్లలు?" ఆ మెత్తటి గొంతు.

"ఒక బిడ్డ సార్. ఒక్కడే కొడుకు. వీడే" అన్నాడు బాపు.

పెన్ను కాగితం మీద గీరింది. బాపు గొంతులో వణుకు లేదు. నాకే, ఆ చీకటి గదిలో, నేను ఉన్నానో లేనో చేత్తో తడుముకుని చూసుకోవాలనిపించింది.

"ఇద్దరం సార్" అన్నాడు అన్న.

పెన్ను ఆగింది.

"నాకు తమ్ముడున్నడు. డిగ్రీ చదువుతాండు. అట్టల మీద గురి కొట్టే ఆట ఆడుతడు. దానికని జర్మనీ నుంచి సామాను తెప్పిచ్చిండు, లైసెన్సు లేదని ఆపిన్రు. కాగితం రాసిచ్చిండు. మాటలు జర ఎక్కువ చెప్తడు. అంతే." 

మా అన్న జన్మలో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. ఆ తర్వాత వినలేదు.

పెన్ను మళ్లీ మొదలైంది. చాలాసేపు గీరింది. అన్న చెప్పింది ఐదారు ముక్కలు. ఆయన రాసింది మహాభారతమంత ఉంటుంది. ఏం రాశాడో ఇప్పటికీ తెలియదు. కుర్చీ కిర్రుమంది, చెప్పుల చప్పుడు గడప దాటింది.

అన్నతోపాటు ఎంపికైనవాళ్లకు ఒక్కొక్కరికీ ఆర్డర్లు వచ్చాయి. మాకు రాలేదు. అన్న రెండుసార్లు రాశాడు. జవాబు లేదు. కారణం నా పార్సెలో, సిగ్నల్ దీపమో, "ఇద్దరం" అన్న మాటో, లేక ఎక్కడో ఒక గుమాస్తా ఫైలు మీద చాయ్ ఒలకబోసుకున్నాడో చెప్పేవాళ్లు లేరు. చివరికి ఒక్క కాగితం వచ్చింది, తాత పేరు మీద: సామాను జప్తు చేయడమైనదని. బాపు దాన్ని పాత కాగితాలు గుచ్చే ఇనుప తీగకు గుచ్చాడు.

నేను మళ్లీ డాక్టరు గారి గోడ దగ్గరికి పోలేదు. బజారులో ఎక్కడ ఏ గొడవ జరిగినా ఓ పోలీసు జవాను వచ్చి, "సార్ రమ్మంటాండు" అని నన్ను పిలుచుకుపోయేవాడు. ఠాణాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చోబెట్టేవాళ్లు. ఏమీ అడిగేవాళ్లు కాదు. పొమ్మనేవాళ్లు. ఆ బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాళ్లలో కొందరిని నేను మళ్లీ చూడలేదు. ప్రతిసారీ ఠాణా బయట అన్న సైకిల్ పట్టుకుని నిలబడి ఉండేవాడు.

టేకు కుర్చీ దుకాణంలోకి చేరింది. మొదట బాపు, బాపు పోయాక అన్న, దాని మీదే కూర్చుని మేకులు తూచారు. గాలి అటు నుంచి వీచినప్పుడు కాజీపేట బండ్ల కూత దుకాణం దాకా వినిపిస్తుంది. అన్న తల ఎత్తడు.

చాలా ఏళ్లకు ఒక మధ్యాహ్నం, గిరాకీ లేనప్పుడు, అడిగేశాను. "అన్నా, బాపు ఒక్కడే కొడుకన్నడు కదనే. నువ్వు ఊకుంటే అయిపోతుండె. ఇద్దరమని ఎందుకన్నవే?"

అన్న తరాజులో చేతినిండా మేకులు వేశాడు. ముల్లు నిలిచేదాకా చూశాడు.

"మరి ఇద్దరమే కదరా" అని, పొట్లం కట్టడానికి కాగితం కోసం చెయ్యి చాచాడు.