సగటు వేగం ముప్పై

మచ్చ బొల్లారం నుంచి తుర్కపల్లిలోని మా ల్యాబుకు కంపెనీ క్యాబులో వెళ్తాం. ఈ రోజు రైలు గేటు దగ్గర అరగంట ఆగిపోయాం. గేటు లేవగానే డ్రైవరు ఆ ఆలస్యాన్నంతా యాక్సిలరేటర్ మీద తీర్చుకున్నాడు. స్పీడు ముల్లు వంద దాటింది. పక్కన కూర్చున్న సరిత ఐదో నెల గర్భిణి. దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

నేరుగా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. ఆయన తాపీగా ఫోన్లో జీపీఎస్ రిపోర్టు చూపించాడు.

"సగటు స్పీడు ముప్పయే ఉంది మేడమ్. గింత మెల్లగ వస్తే గూడ పరేషానేంది?"

"గేటు కాడ నిలబడ్డ అరగంట గూడ కలిపి లెక్కగడితిరి గదన్నా! గుద్దితే బండి సగటు స్పీడుతోని గుద్దుతదా?"

"గట్ల కాదు మేడమ్, మొత్తం మీద సూడాలె."

మా ల్యాబులో ఫ్రిజ్ ఒక్క గంట వేడెక్కితే మందంతా పారబోయిస్తారు. రోజంతా సగటున చల్లగానే ఉందంటే ఎవరూ వినరు. మందుకున్న పాటి విలువ మాకు లేదా అని అరిచేశాను.

నేను కోపిష్టినని ఇప్పుడు ఆయనే నా మీద ఫిర్యాదు పెట్టాడట. మీరే చెప్పండి, అరిచింది ఒక్క నిమిషం. మొత్తం మీద చూస్తే నేనెంత శాంతమూర్తిని!