గ్రేకా వదిన పీపా

మా వదిన గ్రేకా చేసే ఎర్ర వైనుని ఇప్పుడు మిలాను హోటళ్ళలో సీసాకి తెల్లగుడ్డ చుట్టి మరీ పోస్తారట. వైను రుచి చూసి మార్కులు వేసే పెద్దమనుషులు ఏటా మా దీవికి వస్తారు. గ్లాసు తిప్పుతారు, అందులో ముక్కు పెడతారు, కళ్ళు మూసుకుంటారు. ఒకాయన ఎండు అత్తిపళ్ళ వాసన వస్తోందంటాడు. ఇంకొకావిడ ఇందులో నాకు సముద్రం వినిపిస్తోందంటుంది. కిటికీ బార్లా తీసి ఉంటే వినిపించక ఏం చేస్తుందమ్మా అని నాకు నోటిదాకా వస్తుంది. వదిన నా వైపు ఒక చూపు చూస్తుంది. నేను గొర్రెపాల చీజు కోసే పనిలో పడిపోతాను.

వాళ్ళ ముందు వదిన పెద్దగా మాట్లాడదు. డెబ్బై దాటినా కర్రలా నిటారుగా నిలబడి, అందరి గ్లాసుల్లోనూ తనే పోస్తుంది. ఇంత గొప్ప వైను చేయడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, మా మావయ్య దగ్గర అని ఊరుకుంటుంది. ఆ మావయ్య మా నాన్న బాకీస్ మస్సిడ్డాయే. ఆయన ఆవిడకి నేర్పిందెంతో, ఆవిడ ఆయనకి నేర్పిందెంతో పక్కనే ఉండి చూసినదాన్ని నేను. అడిగేవాళ్ళకి అంత ఓపిక ఉండదు గానీ, అసలు సంగతి చెప్పాల్సింది నేనే.

వదిన పుట్టింది దీవికి అవతలి కొసన ఉన్న ఉప్పుమళ్ళ దగ్గర. వాళ్ళ నాన్న కొస్సు జీవితమంతా ఉప్పు పార పట్టుకునే బతికాడు. మా అన్నయ్య ప్రియమో ఏ పండక్కి వెళ్ళి ఈ పిల్లని చూసొచ్చాడో గానీ, చేసుకుంటే దాన్నే చేసుకుంటానని కూర్చున్నాడు. మా అన్నయ్య తన జీవితంలో పట్టిన పట్టు అదొక్కటే. మనిషి మంచివాడు, ఆయన గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. మా అమ్మ మాత్రం కోడలు కూరలో ఉప్పు ఎక్కువ వేసినా, తక్కువ వేసినా పుట్టింటి మాటే ఎత్తేది. వదిన నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుకే మా అమ్మకి ఇంకా మండేది.

మా తోటలన్నీ ఇసుకనేలలు. ద్రాక్ష వేళ్ళు తినేసే పురుగు ఇసుకలో బతకదు గనక, మా తీగలని వేరే వేళ్ళ మీద అంటు కట్టే పని లేదు. తాతల నాటి మొక్కలు వాటి సొంత వేళ్ళ మీదే, మోకాలెత్తు పొదల్లా, గాలికి ఒదిగి ఉంటాయి. కాయ తక్కువ కాస్తాయి. కాసింది మాత్రం నల్లగా, చిక్కగా ఉంటుంది. ఆ నలుపే మాకు తిండి పెట్టింది, ఆ నలుపే మా పేరు తినేసింది. ఉత్తరాది వైనులు పలచన. వాటికి రంగూ బలమూ రావడానికి మా వైను కలిపేవాళ్ళు. ఏటా చలికాలం చివర జెనోవా నుంచి రవేరా అనే వ్యాపారి ట్యాంకరు వేసుకుని వచ్చేవాడు. గొట్టం పెట్టి లాగేసుకుని పోయేవాడు. అది ఎవరి సీసాల్లోకి పోయేదో, ఏ పేరుతో అమ్ముడయ్యేదో మాకు తెలియదు. మా వైను తాగినవాళ్ళు లక్షల మంది ఉంటారు. తాగింది మా వైనని తెలిసినవాడు ఒక్కడూ లేడు.

ఒక ఆదివారం అందరం భోజనాల దగ్గరుండగా వదిన ఆ మాట ఎత్తింది. పెళ్ళయి అప్పటికి కొన్నేళ్ళు. తోట పనీ, వైను పీపాలుండే కొట్టు పనీ మా అన్నయ్య కంటే ఆవిడకే బాగా పట్టుబడ్డాయి.

"మావయ్యా, సముద్రం పక్క తోట చెక్కలో పండే పండుని ఈ ఏడు విడిగా వైను చేస్తాను. ఒక్క పీపా. అది ట్యాంకరులో పొయ్యొద్దు. సీసాల్లో పోసి మన పేరు పెడదాం."

"పోసి ఎవరికమ్ముతావు? చేపలకా?" అన్నాడు నాన్న.

అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. నాన్నకి మొండివాళ్ళంటే లోపల ఇష్టమే, పైకి ఒప్పుకోడు. చాలాసేపు రొట్టె నములుతూ ఆలోచించి, చివరికి ఒక తీర్పు చెప్పాడు. పీపా చేసుకో, కానీ రవేరా వచ్చినప్పుడు దాన్ని కూడా రుచి చూస్తాడు. నచ్చితే పట్టుకుపోతాడు, వద్దంటే నీ సీసాల్లో పోసుకో. రవేరాని కాదంటే మిగతా వైను కూడా ముట్టుకోకుండా పోతాడని నాన్న భయం. అతను తప్ప మాకు కొనేవాడు లేడు.

తీర్పు ఎంత వంకరగా ఉందో చూడండి. వైను బాగుంటే పరాయివాడిది, బాగోలేకపోతే మనది. నాకు ఒళ్ళు మండింది. వదిన మాత్రం సరేనంది. ఆ సాయంత్రం మా అన్నయ్య పాపం భార్యకి సాయం చేద్దామని ఒక ఉపాయం చెప్పాడు. కాస్త చెడగొట్టి చెయ్యి, రవేరా మొహం తిప్పుకుంటాడు, పీపా నీకే ఉంటుంది అని.

వదిన చేతిలో పని ఆపి ఆయన వంక చూసింది. "చెడిపోయిన వైనుకా మన పేరు పెట్టేది?"

మా అన్నయ్య మళ్ళీ ఆ విషయంలో ఉపాయాలు చెప్పలేదు.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. ఇక కోత దగ్గరపడిందనగా వాయవ్యపు గాలి లేచింది. అలాంటి గాలి మా నాన్న కూడా ఎన్నడూ చూడలేదట. అలలు గట్టుకి కొట్టుకుని నురుగు నురుగుగా తోట మీదికి లేచాయి. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే, సముద్రం పక్క చెక్కలో ఆకులూ గుత్తులూ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక పండు తుంచి నోట్లో వేసుకుని ఉమ్మేశాను. లోపలి తోటలకేం కాలేదు. దెబ్బ తిన్నది వదిన చెక్కే.

వాన పడితే ఉప్పు కొట్టుకుపోతుంది, లేకపోతే లేదు అన్నాడు నాన్న. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఊళ్ళోవాళ్ళు కొందరు వచ్చి వదినని అభినందించారు కూడా. ఉప్పు వైను రవేరా ఎలాగూ తాకడు, ఇక పీపా నీదే అని. నిజమే. ఊరికే చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, ఆవిడ కోరింది ఆవిడకి దక్కుతుంది.

మర్నాడు పొద్దున్నే వదిన ఉప్పుమళ్ళకి కబురు పెట్టింది. అక్కచెల్లెళ్ళు, మేనత్త కూతుళ్ళు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దిగారు. పురుగుమందు కొట్టే పంపులు రుద్ది రుద్ది కడిగి, మా పెరట్లో వాననీటి తొట్టి మూత తీశారు. ఎండాకాలమంతా ఇంటికి ఆ తొట్టే ఆధారం. వంటకీ, గాడిదకీ, కోళ్ళకీ, టమాటా మొక్కలకీ అదే నీళ్ళు. ఆ నీళ్ళు వీపున మోసుకుపోయి, ఒక్కొక్క గుత్తినీ చేత్తో పట్టుకుని, పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి కడిగారు. నేనూ వెళ్ళాను. నడుములు పడిపోయాయి. మా అన్నయ్య నోరెత్తకుండా నీళ్ళు తోడాడు. ఉప్పుమళ్ళ ఆడవాళ్ళు మాత్రం జీవితమంతా నీళ్ళు ఎండబెట్టి ఉప్పు తీశామే, ఇప్పుడు ఉప్పు పోగొట్టడానికి నీళ్ళు పోస్తున్నామే అని ఒకటే నవ్వులు.

తొట్టి అడుగు కనపడేసరికి మా అమ్మ పెరట్లోకి వచ్చింది. "ద్రాక్షపళ్ళకి తలంటు పోసింది మహాతల్లి. ఇక మనం పొడిచేత్తో మొహాలు తుడుచుకుందాం" అంది. ఆ వారమంతా వదినతో మాట్లాడలేదు. వదిన ఊరి చివర కుళాయి నుంచి బిందెలు మోస్తూ, మా అమ్మ టమాటా మొక్కలు ఒక్కటి కూడా చావకుండా చూసింది.

కోత అయింది. తొక్కడం, పులియబెట్టడం, పీపాలో పోయడం అన్నీ వదిన దగ్గరుండి చేసుకుంది. నవంబరులో సంత మార్తీన్ అనే పుణ్యపురుషుడి పండక్కి పీపాలు తెరిచి కొత్త వైను రుచి చూడడం మా ఇళ్ళలో ఆనవాయితీ. నాన్న అన్నీ చూసుకుంటూ వచ్చి, చివర వదిన పీపా దగ్గర ఆగాడు. గ్లాసెడు తాగాడు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. వదిన మొహం చూడలేకపోయాను. కానీ మర్నాడు మళ్ళీ కొట్టులోకి వెళ్ళాడాయన. ఆ తర్వాతా వెళ్ళాడు. ఆ చలికాలమంతా నాన్నకి వదిన పీపా పక్కనే ఏదో ఒక మరమ్మతు పని తగులుతూ ఉండేది. వచ్చేటప్పటికి బుగ్గలు ఎర్రబడి ఉండేవి.

చలికాలం చివర ట్యాంకరు వచ్చింది.

మా దగ్గర వైను బేరానికి ఒక పద్ధతి ఉంది. కొనేవాడు గ్లాసులో సగం తాగి ఇంటిపెద్ద చేతికిస్తాడు. ఇంటిపెద్ద మిగతా సగం తాగేస్తే బేరం తెగినట్టే. కాగితాలుండవు, సంతకాలుండవు. ఇంటిపెద్ద తాగకుండా గ్లాసు కింద పెట్టాడంటే, కొనేవాడికి అంతకు మించిన అవమానం లేదు. మా నాన్న ఎన్నడూ అలా పెట్టలేదు.

రవేరా మంచి కోటు వేసుకుని, పీపా పీపా చూసుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కటీ సగం తాగి ఇవ్వడం, నాన్న మిగతాది తాగడం. మేమంతా గోడవారగా నిలబడ్డాం. మూల ఉన్న వదిన పీపా దగ్గరికి వచ్చాడు. నోట్లో పోసుకున్నాడు. అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ ఒక గుక్క తాగాడు. అప్పుడతని మొహం చూడగానే నాకు గుండె పొంగింది, వెంటనే జారిపోయింది. బాగుందని అర్థమైంది. బాగుంది గనక పోయినట్టే.

"బాకీస్, ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావయ్యా? ముందు గొట్టం దీనికే పెట్టిస్తా" అని గ్లాసు నాన్న చేతికిచ్చాడు.

నాన్న గ్లాసు అందుకున్నాడు. పెదాల దాకా తీసుకెళ్ళాడు. అప్పుడు వదిన గోడ వదిలి ముందుకి వచ్చింది. ఆ కొట్టులో బేరం జరిగేటప్పుడు ఆడవాళ్ళు నోరు తెరవడం అదే మొదలు.

"అయ్యగారూ, ఇది ఎవరి సీసాలోకి పోతుంది?"

రవేరా ఆవిడ వైపు తిరగను కూడా లేదు. నాన్నతోనే అన్నాడు. "మీ కోడలికి చెప్పవయ్యా. సీసా మీద పేరు తాగేవాళ్ళకి కావాలి గానీ, పండించేవాళ్ళకి దేనికి?"

నాన్న గ్లాసు వంక చూశాడు. వదిన వంక చూశాడు. ఆ తర్వాత గ్లాసుని, అందులో సగం వైను అలాగే ఉండగా, పీపా మీద పెట్టేశాడు.

రవేరాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఈ పీపా ఇవ్వకపోతే అప్పటికే బేరం తెగిన మిగతావి కూడా తనకక్కర్లేదని, బాగా ఆలోచించుకోమని అన్నాడు. నాన్న సరేనన్నాడు. ఆలోచించుకుంటాననే సరే కాదది, వెళ్ళి రమ్మనే సరే. ఊరంతా చూస్తుండగా ట్యాంకరు ఖాళీగా గలగలమంటూ దీవిని అవతలి నేలతో కలిపే కట్టరోడ్డు ఎక్కి పోయింది. మా నాన్న కూతురినని నేను అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

మా అమ్మ గోడకి చేరబడి కూర్చుండిపోయింది. ఇంత వైను పెట్టుకుని ఏం చేస్తామని అడిగింది. నాన్న వేలితో వదినని చూపించాడు. ఇన్ని పీపాల వైనుకీ ఊరూరా తిరిగి కొనేవాళ్ళని వెతకాల్సింది ఇక ఆవిడే.

వదిన చేతులు నడుముకి కట్టుకున్న పనిగుడ్డకి తుడుచుకుంటూ నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు, కిందికి మాత్రం పడనివ్వడం లేదు.

"నేను అడగకుండా ఉండాల్సింది మావయ్యా."

"ఈ ట్యాంకరు మొదట వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. అప్పట్నుంచీ ఏటా ఆ మాట అడగాలనే అనుకున్నా. నాకు నోరు రాలేదు." అన్నాడు నాన్న. "సీసాలు తెప్పించు. పేరు అచ్చు వేయించు."

ఏం పేరు వేయించమంటారని వదిన అడిగింది. మస్సిడ్డా అనే కదా అంది. మా దేశంలో పెళ్ళయినా ఆడవాళ్ళు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటారు. వదిన ఇప్పటికీ గ్రేకా కొస్సుయే.

"మస్సిడ్డా ఒక్కటే ఎందుకేస్తావు? ఆ పండు కడిగింది ఎవరు? మస్సిడ్డా, కొస్సు, రెండూ వేయించు."

సీసాకి అతికించే కాగితం చిన్నది, రెండు ఇంటిపేర్లు పట్టవేమో అని మా అన్నయ్య సందేహం వెలిబుచ్చాడు.

"పట్టకపోతే సీసా పెద్దది చేయించండి" అన్నాడు నాన్న.

అంత అవసరం రాలేదు. రెండు పేర్లూ పట్టాయి.