మిసెస్ టాలివర్ ఎవరు?

మా జెర్లీన్ అమ్మమ్మ ఆ రోజు నోరు తెరవకపోయి ఉంటే మా అలబామా రాష్ట్రం మొత్తం ఇప్పటికీ ఓటు వరుసలోనే నిలబడి ఉండేది. ఈ మాట చర్చిలో కూడా చెప్పాను. పాస్టరుగారు దగ్గారు.

నల్లవాళ్ళ ఓటును ఎవరూ అడ్డుకోకూడదని కొత్త చట్టం వచ్చాక మావాళ్ళలో ముందుగా ఓటరుగా పేరు రాయించుకున్నవాళ్ళలో అమ్మమ్మ ఒకతె. ఆ వారమే, ఆమె కూలి చేసే పత్తిచేను తెల్లదొర తన చేలో ఇచ్చిన ఇంట్లోంచి ఆమెను వెళ్ళగొట్టాడు. రోడ్డు పక్క గుడారంలో చలికాలం గడిచింది, ఎండాకాలం గడిచింది. ఇల్లు పోయింది, ఓటు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

పంతొమ్మిది వందల అరవై ఆరు నవంబరులో ఓటు వేసే రోజు వచ్చింది. తాతయ్య పాత పనిబట్టలతో కుట్టిన బొంత కప్పుకుని అమ్మమ్మ చీకటితోనే బయల్దేరింది. కోసేసిన పత్తిచేల మీద పొగమంచు పాలలా పరుచుకుని ఉంది. వరుసలో ఆమె స్నేహితురాలు లూవీనియా బొంత కిందికి దూరింది, ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. చాలా కాళ్ళున్న మెత్తని జంతువులా, ఎవరి కలలోనో నడుస్తున్నట్టు బొంత ఓట్లు వేయించే బడి మెట్లెక్కింది. తాతయ్య ప్యాంటు మోకాలి అతుకు అమ్మమ్మ భుజం మీద వాలి ఉంది. చనిపోయినా ఆయనా వరుసలో ఉన్నట్టే.

లోపల, ఊరికి కొత్తగా వచ్చిన తెల్లపిల్ల ఒక్కొక్కరినే పిలుస్తోంది.

"మిసెస్ టాలివర్!"

అమ్మమ్మ పలకలేదు. తెల్లవాళ్ళ నోట ఆమె ఎప్పుడూ "జెర్లీన్", తల నెరిశాక "ఆంటీ"; "మిసెస్" అనే మర్యాద తెల్ల ఆడవాళ్ళకే. ఎవరో దొరసాని వస్తోందనుకుని పక్కకి జరిగి దారి కూడా ఇచ్చింది.

"మిసెస్ టాలివర్ రాలేదా? అయితే తర్వాతివాళ్ళు..."

లూవీనియా మోచేత్తో పొడిచింది. "ఒసే, నిన్నేనే!"

"నన్నా? నేనేం చేశానే?"

"మొగుడి ఇంటిపేరు మర్చిపోయావా? పలుకు, నీ వంతు పోతోంది!"

అమ్మమ్మ బొంతలోంచి మెల్లగా బయటికి వచ్చింది.

"మళ్ళీ పిలువమ్మా, సరిగా వినపడలేదు."

అబద్ధం. పక్కగదిలో నేను పిప్పరమెంటు కాగితం విప్పినా వినపడే చెవులవి.

"మిసెస్ టాలివర్."

"ఆఁ, నేనే," అంది, గది మొత్తానికి వినపడేలా.

ఇదంతా రాసి, బఠాణీలు ఒలుస్తున్న ఆమెకు చదివి వినిపించాను. "తెర వెనక ఓటు వేస్తుంటే కలలా అనిపించిందా, అమ్మమ్మా?"

"కలేంటే? బూటులోకి నీళ్ళొచ్చి కాళ్ళు కొయ్యబారాయి. అయినా, జెర్లీన్ అని రాశావేం? మిసెస్ టాలివర్ అని దిద్దు."